వినపడటం వేరు, తవజ్జో వేరు

మన ఇళ్లలో వయసు మీదపడ్డవాళ్ల మీద ఒక ఇల్జామ్ ఉంటుంది. "అమ్మీకి తనకి కావాల్సిందైతే బాగానే వినపడుద్ది." మా పల్నాడులో ఈ మాట నవ్వుతూనే అంటారు. మా అమ్మీనీ అన్నారు. వంటింట్లో మెల్లగా పిలిచినా పలికే మనిషి, నరసరావుపేటలో ఒక వలీమా దావత్‌లో సొంత చెల్లెలు పక్కన కూర్చుని "మోకాళ్ల నొప్పి ఎట్టుంది ఆపా?" అని అడిగితే, "బిర్యానీ బాగుంది" అంది. చెవిలో మిషన్ ఉంది, బ్యాటరీ కూడా కొత్తదే. ఖాలా నొచ్చుకుంది. అమ్మీ ఇప్పుడు దావత్ అంటేనే రానంటోంది. నాకు బాధ అక్కడే.

చెవి పని ఆవాజ్‌లన్నిటినీ లోపలికి పంపడం. వాటిలో దేన్ని పట్టుకోవాలో చూసుకునేది దిమాగ్. ఉర్దూ మీడియం స్కూల్లో ఉస్తాద్ బెత్తం బల్లకేసి కొట్టి "తవజ్జో!" అనేవారు. తెలుగు డిగ్రీలో చేరాక అదే మాట నాకు 'అవధానం' అయి ఎదురైంది. నరసరావుపేటకు దగ్గర్లోని కొప్పరం వాళ్లే కొప్పరపు సోదర కవులు. వందేళ్ల కిందట అవధానాలతో సభల్ని ఊపేశారు. అష్టావధానంలో ఒక పృచ్ఛకుడు మధ్యమధ్యలో గంట కొడుతుంటాడు. పద్యాలు చెప్తూనే అవధాని ఆ గంటల్ని లెక్కపెట్టుకుని చివర్లో చెప్పాలి. సుభానల్లా అనిపించే విద్య!

ఈ తవజ్జో లోపల ఏం చేస్తుందో సైంటిస్టులు కొలిచారు. 1973లో అమెరికాలో స్టీవెన్ హిల్‌యార్డ్ బృందం రెండు చెవుల్లో వేర్వేరు శబ్దాలు వినిపిస్తూ, ఒక చెవినే గౌర్‌గా వినమంది. శబ్దం మొదలైన సెకనులో దాదాపు పదో వంతుకే, ఆ చెవి శబ్దాలకి మెదడు స్పందన పెద్దదైంది. 2012లో నీమా మెస్గరాని, ఎడ్వర్డ్ చాంగ్ ఇంకా లోపలికి వెళ్లారు. మూర్ఛ వైద్యం కోసం మెదడు మీద ఎలక్ట్రోడ్లు పెట్టించుకున్న పేషెంట్లకి ఇద్దరి గొంతులు కలిపి వినిపించారు. ఎవరిని వినమన్నారో, మెదడులోని వినికిడి భాగంలో దాదాపు ఆ ఒక్కరే మాట్లాడుతున్నట్టు నమోదైంది.

అయితే ఏరుకోవాలంటే ఆవాజ్‌లు విడివిడిగా అందాలి కదా. వయసుతో లోపలి చెవిలోని సన్నటి కణాలు దెబ్బతింటే శబ్దం తగ్గడంతో పాటు మసకబారుతుంది కూడా. మిషన్ ఖాలా గొంతునీ పెంచుతుంది, ప్లేట్ల చప్పుడునీ పెంచుతుంది, డీజేనీ పెంచుతుంది. కొత్త మిషన్లు కొంత వడపోస్తాయి గానీ ఫంక్షన్ హాల్లో వాటి బలమెంత! దిమాగ్ ఒక్కో మాటా పట్టుకోవడానికి చచ్చేంత మెహనత్ చేస్తుంది, దొరకనిచోట అందాజా వేస్తుంది. బిర్యానీ జవాబు అట్లా వచ్చిందే. వంటింట్లో ఒక్క గొంతే కాబట్టి ఆ మెహనత్ లేదు. ఇందులో నాటకమేముంది?

మాట మొదలుపెట్టే ముందు పేరుతోనో వరసతోనో పిలవండి, భుజం తట్టండి. మొహం కనపడేలా కూర్చోండి, పెదాలు కూడా సగం చెప్తాయి. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి. అర్థం కాకపోతే అరవకుండా వేరే మాటల్లో చెప్పండి. "ఛోడో, కుచ్ నై" అని మాత్రం అనకండి, పెద్దవాళ్లు దావత్‌లు మానేసేది చాలావరకు ఆ మాటకే. ఇక హాల్ బుక్ చేసేటప్పుడే, దేగ్‌ల లెక్క కన్నా ముందు, బాక్సులు ఎక్కడ పెడతారో అడిగి వాళ్ల టేబుల్ ఆ చివర, గోడ వారగా వేయించండి.