గడిలో దాగిన నుడి

తెలుగువారికి చిక్కుప్రశ్న కొత్త కాదు. అక్షరాలు దిద్దని పసివాడు సైతం అమ్మమ్మ ఒడిలో కూర్చుండి పొడుపు కథలను విప్పినవాడే. దండి తన 'కావ్యాదర్శం'లో ప్రహేళికలను పదహారు విధాలుగా విభజించాడు. అవధాన సభలలో నిషిద్ధాక్షరి, దత్తపది వంటి అంశాలు నేటికీ పండితుల ప్రజ్ఞకు పరీక్షలు పెడుతూనే ఉన్నాయి. మాటను దాచడం, దాచిన మాటను వెదకి పట్టుకోవడం మన జాతికి తరతరాలుగా అలవడిన వేడుక.

గళ్ళ నుడికట్టు మాత్రం పడమటి దేశాల నుండి వచ్చింది. 1913 డిసెంబరు 21న 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో ఆర్థర్ విన్ కూర్చిన ప్రహేళికను ఆధునిక నుడికట్టులకు ఆద్యంగా చెబుతారు. అది ఇంగ్లండు చేరిన తరువాత గూఢార్థాల బాట పట్టింది. 1926 నుండి 'అబ్జర్వర్' పత్రికలో 'టార్కమాడా' అనే మారుపేరుతో వెలువడిన నుడికట్టులు ఆ బాటను స్థిరపరచాయి. తెలుగులో శ్రీశ్రీ, ఆరుద్ర వంటి మహాకవులు సైతం ఈ విద్యను ఆదరించి, స్వయంగా గళ్ళు కూర్చారు.

సాధారణమైన ఆధారం అర్థాన్ని మాత్రమే చెబుతుంది. గూఢమైన ఆధారం రెండు పనులు చేస్తుంది. అందులో ఒక భాగం జవాబుకు అర్థం. మరొక భాగం ఆ జవాబులోని అక్షరాలను కూర్చే మార్గం. ఈ రెండింటినీ కలిపి కుట్టిన కుట్టు పైకి కనబడదు. ఆ కుట్టు ఎక్కడ ఉన్నదో కనిపెట్టడమే సాధకుని పని.

నాకు ఈ విద్య నేర్పినవారు మా ఊరి శాఖా గ్రంథాలయంలోని గ్రంథపాలకులు. వారపత్రిక పుటను ఎవరూ గీతలతో పాడు చేయకుండా, ఆయన తెల్లకాగితంపై గళ్ళు గీసి మా చేతికి ఇచ్చేవారు. గడులు నింపి పరుగున తీసుకొని వెళితే, "జవాబు సరే నాయనా, రుజువేదీ?" అని అడిగేవారు. రుజువు చెప్పలేని మాటను, అది సరైనదే అయినా, పెన్సిలుతో సున్న చుట్టి తిరిగి ఇచ్చేవారు.

'కలత చెందిన సవతికి దొరికిన నివాసం' అన్నది మూడక్షరాల ఆధారం. చదవగానే ఒక దుఃఖితురాలి కథ కళ్ళకు కడుతుంది. ఆ కథే వల. 'కలత చెందిన' అంటే అక్షరాలు చెదిరినవని సూచన. 'సవతి'లోని అక్షరాలను మార్చి అమర్చితే 'వసతి' అవుతుంది. నివాసమన్నది దాని అర్థం. 'తిరగబడిన పలక వడ్రంగికి కావాలి' అన్నచోట 'పలక'ను వెనుక నుండి చదివితే 'కలప' దొరుకుతుంది. 'తుది లేని కవితను వ్రాసినవాడు' అంటే, 'కవిత'లో చివరి అక్షరం పోగా మిగిలిన 'కవి'.

ఒకనాడు 'విష్ణుచిత్తుని బిడ్డ వెంట అన్నమిచ్చే పైరు – నది' అన్న ఆధారం వచ్చింది. అడ్డుగా ఉన్న మాటల వలన 'గో', 'వ' అనే అక్షరాలు ముందే పడ్డాయి. నాలుగక్షరాల నది కనుక 'గోదావరి' అని సునాయాసంగా వ్రాశాను. ఎప్పటివలెనే రుజువు అడిగారు. 'వరి' పైరని చెప్పగలిగాను. 'గోదా' అంటే ఎవరో తెలియలేదు. ఆయన చెప్పలేదు. బీరువా వైపు వేలు చూపి ఊరుకున్నారు. రెండు దినాలు వెదకగా 'ఆముక్తమాల్యద' కనబడింది. తులసివనంలో విష్ణుచిత్తునికి లభించి, ఆయన ఇంట పెరిగి, స్వామికి అర్పించవలసిన పూలమాలను ముందుగా తాను ధరించిన గోదాదేవి కథ తెలిసింది. శ్రీకృష్ణదేవరాయల ప్రబంధాన్ని పాఠ్యాంశంగా కాక, నా అవసరం కొద్దీ నేను తెరిచిన రోజు అది. నాలుగు గడుల వెనుక ఒక మహాకావ్యం నిలిచి ఉన్నదని అప్పుడు తెలిసింది.

ఈ క్రీడలో భాష తన సంపదనంతా బయటపెడుతుంది. 'హరి' అన్న రెండక్షరాలకు విష్ణువు, సింహం, కోతి, గుర్రం, కప్ప, పాము వంటి అర్థాలున్నాయి. నిఘంటువును పరీక్ష కోసం తెరిచేవానికి అది బరువు. నుడికట్టు కోసం తెరిచేవానికి అది గని.

గళ్ళు కూర్చేవారికీ ఒక ధర్మం ఉంది. నిజాన్ని దాచవచ్చు గాని అబద్ధమాడకూడదు. ఆధారంలోని ప్రతి మాటకూ పని ఉండాలి. జవాబు తెలిసిన తరువాత 'ఔను, ఇది ఇంతే' అని చదువరి ఒప్పుకోవాలి. 'జిమెనీజ్' అనే మారుపేరు గల డి.ఎస్. మాక్‌నట్ 1966లో ఈ కళపై వెలువరించిన గ్రంథంలో ఇటువంటి నియమాలనే ప్రతిపాదించాడు. చిక్కు వేయడం గొప్ప కాదు, న్యాయంగా విడదీయగల చిక్కు వేయడం గొప్ప.

ఇది కేవలం కాలక్షేపమని తోసివేయనక్కరలేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942 జనవరిలో, లండనులోని 'డైలీ టెలిగ్రాఫ్' పత్రిక 12 నిమిషాలలో నుడికట్టు పూరించే పోటీ నిర్వహించింది. అందులో పాల్గొన్న కొందరిని అటుపిమ్మట బ్లెచ్లీ పార్కులో శత్రువుల రహస్య సంకేతాలను ఛేదించే పనికి పిలిచారు.

నేటి విద్యార్థికి జవాబులకు కొదువ లేదు. అడిగిన క్షణంలోనే అవి చేతిలోని తెరపై ప్రత్యక్షమవుతాయి. కాని ఆ జవాబు ఎందుకు సరైనదో అడిగినప్పుడు తెరను కాక తన బుద్ధిని ఆశ్రయించగలవాడే చదువుకున్నవాడు. ఇతరుల నుండి అందుకున్న జవాబు ఎరువు సొమ్ము వంటిది. కారణం చెప్పి నిలబెట్టుకున్న జవాబు స్వార్జితం. దానిని ఎవరూ తిరిగి అడగలేరు.