యెల్లివారె రైలూ, మా కోటిపల్లి రైలుబస్సూ

పోయిన వేసవిలో వారం రోజులు సెలవు పెట్టి స్వీడన్ ఉత్తరాదికి రైల్లో వెళ్ళొచ్చాను. "స్టాక్‌హోమ్ నుంచి ఫ్లైటెక్కితే రెండు గంటల్లో పోయేదానికి రోజుల తరబడి డీజిల్ రైల్లో కూర్చుంటావా?" అని మా టీమ్‌లో అందరూ నవ్వారు. వాళ్ళకి ఏం చెప్పాలో అప్పుడు తెలీలేదు. వచ్చాక తెలిసింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

నేనెక్కిన రైలు మార్గం పేరు ఇన్‌లాండ్స్‌బానన్. లోనాడు రైలు మార్గం అనుకోవచ్చు. దక్షిణాన క్రిస్టీనెహామ్న్ నుంచి ఉత్తరాన యెల్లివారె దాకా దాదాపు 1,300 కిలోమీటర్లు. (ఇంగ్లీషులో రాస్తే గల్లివారె అని చదువుతాం, వీళ్ళేమో యెల్లివారె అంటారు. వచ్చిన కొత్తలో స్టేషన్ పేర్లు అడగాలంటే నాకు ప్రాణం మీదికొచ్చేది.) మన లెక్కలో చెన్నైలో ఎక్కి భువనేశ్వర్ దాటి ఇంకాస్త పోయినట్టు. కాకపోతే మనకి దారి పొడుగునా జనం. ఇక్కడ దారి పొడుగునా అడవి, చెరువులు, మళ్ళీ అడవి.

జనం ఎంత తక్కువో ఒక్క లెక్క చెప్తాను. ఈ దారిలో సోర్సేలె అని ఒక మునిసిపాలిటీ ఉంది. విస్తీర్ణం 7,000 చదరపు కిలోమీటర్ల పైమాటే. జనాభా సుమారు 2,500. మా పాత తూర్పు గోదావరి జిల్లా విస్తీర్ణం 10,800 చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల్లో జనాభా 51 లక్షలు. సోర్సేలె జనాభా అంతా కలిపినా మా ఊళ్ళో తీర్థం రోజు గుడి ముందు చేరే జనానికి సరిపోదు!

మరి ఇంత ఖాళీ నేలలో అంత పొడుగు రైలు మార్గం ఎవరు వేశారు, ఎందుకు వేశారు?

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో స్వీడన్‌లో ఒక నమ్మకం ఉండేది. ఉత్తరాది అంటే తమ దేశంలోనే ఉన్న అమెరికా అని. కలప ఉంది, ఖనిజాలున్నాయి, నదుల్లో నీళ్ళున్నాయి, రైలొక్కటి వెళ్తే చాలు జనం వాళ్ళంతట వాళ్ళే వెళ్ళి స్థిరపడతారు అనుకున్నారు. సముద్రం వైపున్న లైనుకి యుద్ధం వస్తే ప్రమాదం కాబట్టి లోపలగా ఇంకోటి ఉండాలని సైన్యం వైపు నుంచి కూడా ఒక వాదన. 1907లో పార్లమెంటు ఒప్పుకుంది, 1908లో పని మొదలైంది. దక్షిణాన అప్పటికే కొన్ని ప్రైవేటు లైన్లుండేవి, వాటినీ ఇందులో కలుపుకుంటూ పోయారు.

పట్టాలు వేసిన కూలీలని ఇక్కడ రాల్లారె అంటారు. చలికాలం గడ్డ కట్టే చలి, వేసవిలో దోమలు (దోమలంటే మన దోమలు కాదండీ, ఇవి గుంపుగా మీద పడితే మనిషిని మోసుకుపోతాయేమో అనిపిస్తుంది). కొండ పేలుస్తూ, బురద నేలలో కట్ట పోస్తూ ఏళ్ళ తరబడి పనిచేశారు. రైలు కట్టల పక్కన గులాబీ రంగులో పొడుగ్గా ఒక పువ్వు పూస్తుంది. తవ్వి పోసిన నేల కనిపిస్తే చాలు, ముందు మొలిచేది అదే. దానికి స్వీడిష్‌లో రాల్లార్‌రూస్, అంటే రైలు కూలీ గులాబీ అని పేరు. కిటికీలోంచి రోజంతా అదే పువ్వు. కూలీల పేర్లు ఎవరికీ గుర్తు లేకపోయినా పువ్వు పేరు మాత్రం మిగిలింది.

పోర్యుస్ సంగతి కూడా చెప్పాలి. అక్కడ 1910లో పెద్ద జలవిద్యుత్ కేంద్రం పని మొదలుపెట్టారు. అప్పటికి రోడ్డు లేదు. యెల్లివారె నుంచి యాభై కిలోమీటర్లు సామాన్లు మనుషులు వీపుల మీద మోసుకెళ్ళారు. 1911లో రైలు వచ్చాక గానీ బరువు దిగలేదు. ఆ ముక్కే తర్వాత ఇన్‌లాండ్స్‌బానన్‌లో కలిసింది. పోర్యుస్ కరెంటుతో 1915లో కిరునా ఇనుప ఖనిజం రైళ్ళు నడవడం మొదలైంది. తమాషా ఏంటంటే, ఆ కరెంటు కోసం సామాన్లు మోసిన మన లైను మాత్రం ఈ రోజుకీ డీజిల్ మీదే నడుస్తోంది. ఇంటికి పెద్ద కొడుకు తమ్ముళ్ళని చదివించి తాను చదువుకోకుండా ఉండిపోయినట్టు.

మొత్తం లైను పూర్తయి 1937 ఆగస్టు 6న యొక్‌మొక్‌లో ప్రారంభోత్సవం జరిగింది. మొదలుపెట్టిన ముప్ఫై ఏళ్ళకి. అసలు చిక్కంతా అక్కడే ఉంది. 1907లో రైలుకి పోటీ గుర్రబ్బండి. 1937 నాటికి లారీ వచ్చేసింది, బస్సు వచ్చేసింది. మేం కూడా ఆఫీసులో ఇలాంటివి చేస్తుంటాం లెండి, మూడేళ్ళు కష్టపడి ఒక సాఫ్ట్‌వేర్ రాసి బయటికి తెచ్చేసరికి దాని అవసరమే మారిపోయి ఉంటుంది. ఇది ముప్ఫై ఏళ్ళ ప్రాజెక్టు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలు కరువై రైళ్ళకి గిరాకీ ఉండేది. ఆ తర్వాత జనం కార్లు కొనుక్కున్నారు. పల్లెల్లో కుర్రాళ్ళు పనుల కోసం దక్షిణాదికి దిగిపోయారు. 1963లో రవాణా మీద ప్రభుత్వం కొత్త విధానం తెచ్చింది: రైలైనా రోడ్డైనా తన ఖర్చు తనే సంపాదించుకోవాలి అని. అంతే, దేశమంతా చిన్న లైన్లు ఒక్కొక్కటే మూతపడడం మొదలైంది. 1960లు ముగిసేసరికి ఇన్‌లాండ్స్‌బానన్ దక్షిణం వైపు మూరాకి కింద ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి, తర్వాత కొన్నిచోట్ల పట్టాలు కూడా తీసేశారు. మిగిలిన ఉత్తర భాగం 1990ల మొదటిదాకా ఈడ్చుకొచ్చి, అప్పుడు దాన్నీ వదిలేద్దామనుకున్నారు.

నిజం చెప్పొద్దూ, ప్రభుత్వం లెక్క తప్పని నేననను. ఇద్దరు ముగ్గురితో రైలు నడపడం కంటే బస్సు చవక. బస్సు ఊళ్ళోకి వస్తుంది, రైలు ఊరి బయటే ఆగుతుంది. పక్కనే ఈ45 రోడ్డు కూడా ఉంది. నేనే ఆ బల్ల దగ్గర కూర్చుని ఉంటే నేనూ సంతకం పెట్టేవాడినే.

పెట్టేవాడినే అని ఎందుకంటున్నానంటే, ఇంచుమించు పెట్టాను కాబట్టి.

మా కంపెనీలో (పేరెందుకులెండి) ఫోన్ చేసి నంబర్లు నొక్కి పని చేసుకునే పాత సౌకర్యం ఒకటుంది. యాప్ వచ్చాక దాన్ని వాడేవాళ్ళు బాగా తగ్గిపోయారు. దాన్ని తీసేయొచ్చా లేదా చూసి రిపోర్టు ఇమ్మని నాకు చెప్పారు. లాగ్‌లు తవ్వి, గ్రాఫు గీసి, కిందికి జారుతున్న గీత చూపించి, తీసేయొచ్చు అని రాసి, సంతోషంగా సెలవు మీద వెళ్ళాను.

ఓస్టెర్‌సుండ్ దాటాక రైల్లో నా ఎదురుగా ఒక పెద్దావిడ కూర్చుంది. విల్హెల్మీనా వెళ్తోందట. (ఇక్కడ ఎంత పెద్దవాళ్ళనైనా నువ్వనే అంటారు, అయినా తెలుగులో రాస్తుంటే నాకు మామ్మగారనే వస్తోంది.) మామ్మగారు చిన్నప్పుడు ఈ రైల్లోనే ఆస్పత్రికి వెళ్ళేదట. "మరి రైలు ఆపేస్తే మీరంతా గొడవ చెయ్యలేదా?" అని అడిగాను. ఆవిడ నవ్వి అంది, "ఒక్కసారిగా ఆపితే గొడవ చేసేవాళ్ళమే. ముందు ఒక రైలు తగ్గింది, తర్వాత స్టేషన్లో మనిషి లేడు, తర్వాత మేం పనికెళ్ళే వేళకి రైలు లేదు. మాకు తెలీకుండానే మేమే ఎక్కడం మానేశాం. అప్పుడు వచ్చి లెక్కపెట్టారు."

అప్పుడు వచ్చి లెక్కపెట్టారు! ఆ మాట విన్నాక కాసేపు నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. నా గ్రాఫు గుర్తొచ్చింది. ఆ గీత ఎందుకు జారిందో నేను చూడలేదు. ఎంత జారిందో మాత్రమే చూశాను.

మా తాతయ్య కూడా గుర్తొచ్చాడు. మాది ద్రాక్షారామం దగ్గర. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలు లైను వేశారు. రెండో ప్రపంచ యుద్ధానికి ఇనుము కావాలని 1940లో తెల్లవాళ్ళు ఆ పట్టాలు పీకేశారు. మళ్ళీ అరవై నాలుగేళ్ళకి, 2004లో, రైలు తిరిగింది. ఒకటే పెట్టె, చూడ్డానికి బస్సులా ఉండేది, అందరూ రైలుబస్సు అనేవారు. (స్వీడన్‌లో కూడా ఇలాంటి వాటిని రైలుబస్సే అంటారు, అది విని నేను ఎగిరి గంతేశాను.) అప్పుడు నాకు ఏడేళ్ళు. తాతయ్య నన్ను ఎక్కించుకుని కోటిపల్లి దాకా తీసుకెళ్ళాడు. పట్టాలు పీకేటప్పటికి తాతయ్య పసివాడు, వాళ్ళ నాన్న చెప్తే విన్న కథే.

"ఇన్నేళ్ళూ రైలు లేదు కదా తాతయ్యా, మళ్ళీ ఎలా వచ్చింది?" అన్నాను.

"పట్టాలు పట్టుకుపోయారు గానీ కట్ట పట్టుకుపోలేదు కదరా నాన్నా. కట్ట ఉంటే ఎప్పటికైనా రైలొస్తది" అన్నాడు.

ఇన్‌లాండ్స్‌బానన్‌ని కాపాడింది కూడా ఆ కట్టే. ప్రభుత్వం వద్దనుకున్నాక దారిలో ఉన్న మునిసిపాలిటీలు కలిసి 1993లో ఒక కంపెనీ పెట్టి, మూరా నుంచి యెల్లివారె దాకా నడిపే బాధ్యత నెత్తిన వేసుకున్నాయి. చెప్పాను కదా, రెండు మూడు వేల జనాభా ఉన్న ఊళ్ళు! వేసవిలో నాలాంటి యాత్రికుల రైలు నడుపుతారు. భోజనానికి ఊళ్ళల్లో ఆపుతారు. ఏం తింటారో ముందే రైల్లో రాసుకుంటారు. రెయిన్‌డీర్ల మంద పట్టాల మీద నిలబడితే రైలే ఆగి హారన్ కొడుతుంది, అవి తీరిగ్గా కదుల్తాయి. ఆర్కిటిక్ వలయం దగ్గర తెల్ల రాళ్ళ గీత పక్కన ఆపి ఫొటోలు తీసుకోనిస్తారు. మిగతా కాలం ఎక్కువగా కలప రైళ్ళు. స్వీడన్ 2024లో నాటోలో చేరాక, తీరానికి దూరంగా ఇంకో లైను ఉండడం మంచిదే కదా అన్న నూరేళ్ళ కిందటి మాట మళ్ళీ వినపడుతోంది. పట్టాలు పీకేసుంటే ఆ మాట అనడానికే ఉండేది కాదు.

అయితే అంతా బాగుందని కాదు. మామ్మగారికి జనవరిలో ఆస్పత్రికి వెళ్ళాలంటే ఈ యాత్రికుల రైలు పనికిరాదు. బస్సే దిక్కు. లైను బతికింది గానీ, ఎవరి కోసం వేశారో వాళ్ళకి రోజువారీ రైలుగా మిగల్లేదు. ఈ సంగతి మర్చిపోయి "ఆహా, ఎంత చక్కగా కాపాడుకున్నారో" అంటే అది నా బోటి వాళ్ళ సంబరమే అవుతుంది.

సెలవు నుంచి రాగానే లాగ్‌లు మళ్ళీ తీశాను. గీత రెండుచోట్ల నిటారుగా పడింది. ఒకటి, ఫోన్ పనిచేసే వేళలు సగానికి తగ్గించిన నెల. రెండోది, బిల్లు మీద ఆ నంబరు వేయడం మానేసిన నెల. జనం వదిలేయలేదు, మనమే దాచేశాం. రిపోర్టు మార్చి రాశాను. ఇంకా మిగిలినవాళ్ళు ఎవరా అని చూస్తే ఎక్కువమంది డెబ్భై దాటినవాళ్ళు. తీసేయాలా వద్దా అన్నది వచ్చే నెల తేలుస్తారట. తీసేస్తారనే అనుకుంటున్నాను, ఖర్చు నిజంగానే ఎక్కువ. కనీసం కోడ్ చెరిపేయొద్దు, నంబరు వదులుకోవద్దు అని ఆఖర్న ఒక వాక్యం చేర్చాను.

"ఇదెందుకు?" అని మా మేనేజర్ అడిగాడు. కట్ట గురించి చెప్పాలంటే తాతయ్య నుంచి మొదలుపెట్టాలి. "తర్వాత పనికొస్తుందేమోనని" అని ఊరుకున్నాను.