పేడపురుగుల బదిలీ

జోరీగ అనే మాట క్వార్టర్లలో పెరిగిన మాకు చాలాకాలం ఒట్టి మాటగానే తెలుసు. పదేపదే ఒకే సంగతి అడిగితే చెవిలో జోరీగలా ఏమిట్రా అని అమ్మ విసుక్కునేది. అసలు జోరీగను కిందటి వేసవిలో తాతయ్యగారి గొడ్లచావడిలో చూశాం. ఇంటి ఈగ కంటే చాలా పెద్దది, కళ్ళు మెరుస్తుంటాయి. వీటిలో రక్తం తాగేది ఆడదే. చర్మాన్ని కోసి తాగుతుంది కాబట్టి అది ఎగిరిపోయాక కూడా అక్కడ రక్తం కారుతూనే ఉంటుంది.

తాతయ్యకి రెండు గేదెలు, ఒక పెయ్య. మేము వెళ్ళేసరికి పెద్ద గేదె సరిగా చేపడం లేదు. పితకడానికి కూర్చుంటే కాళ్ళు టపటపా కొట్టుకుంటూ తపేలా తన్నేస్తోంది. పాలకేంద్రంలో పోసే పాలే వాళ్ళిద్దరికీ చేతిఖర్చు. పక్కింటాయన వచ్చి, పత్తికి కొట్టే పురుగుమందు నీళ్ళలో కలిపి ఒంటిమీద చల్లెయ్యమన్నాడు. తాతయ్య సరే అన్నారు, నాన్నమ్మ ససేమిరా అంది. "గేదె తన ఒళ్ళు తాను నాక్కోదా? పెయ్య పొదుగు కుడవదా? ఆ పాలు తాగేది ఈ పిల్లలు కాదా?" అని పట్టుబట్టింది. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు.

మూడోరోజు పశువుల డాక్టరుగారు వచ్చారు. ఆయన ముందు గేదెను చూడలేదు, తిన్నగా చావడి వెనక్కి వెళ్ళారు. కుడితి తొట్టి పక్కన వరిగడ్డి, పేడ, మూత్రం కలిసి మగ్గుతున్నాయి. కర్రతో కెలికితే తెల్లటి పురుగులు! "కాళ్ళమీద కుట్టేవాటికి ఇదే పుట్టిల్లు" అన్నారు. అవి జోరీగలు కావట. చూడటానికి ఇంటి ఈగలాగే ఉంటాయి, మూతి మాత్రం సూదిలా ముందుకు పొడుచుకుని ఉంటుంది. ఆడా మగా రెండూ రక్తం తాగుతాయి. ఎండాకాలంలో గుడ్డు ఈగ కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అందుకని వారం వారం ఆ తడిగడ్డి తీసి ఎండలో పలచగా పరిస్తే, ఈగలయ్యేలోపే పురుగులు ఎండి చస్తాయి. జోరీగల సంగతి వేరు. అవి చెరువుగట్ల బురదలో పుడతాయి, అక్కడిదాకా మనం వెళ్ళలేం. సాయంత్రం వేపాకు పొగ వేయడమే.

వెళ్ళేముందు గేదె చెవి నుంచి రక్తపుబొట్టు తీసుకున్నారు. జోరీగలు సర్రా అనే జబ్బును ఒక పశువు నుంచి మరోదానికి మోస్తాయట. 1880లో, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న దేరా ఇస్మాయిల్ ఖాన్‌లో, గ్రిఫిత్ ఇవాన్స్ అనే సైనిక పశువైద్యుడు జబ్బుపడ్డ గుర్రాల, ఒంటెల రక్తంలో దాని సూక్ష్మజీవిని కనిపెట్టాడు. మా గేదెకి అది లేదని తేలేదాకా నాన్నమ్మ సరిగా అన్నం తినలేదు.

మందులు అసలే వద్దని డాక్టరుగారు అనలేదు. ఒకే మందు మళ్ళీమళ్ళీ వాడితే దానికి చావని ఈగలే మిగులుతాయి, వాటి సంతానమే పెరుగుతుంది అన్నారు. ఐవర్‌మెక్టిన్ లాంటివైతే పేడలోకి కూడా దిగి పేడపురుగులను దెబ్బతీస్తాయి. పేడపురుగు లేకపోతే ఏమవుతుందో ఆస్ట్రేలియాని చూస్తే తెలుస్తుంది. 1788లో ఆంగ్లేయులు అక్కడికి ఓడల్లో ఆవులను తీసుకెళ్ళారు. పేడపురుగులను కూడా తీసుకెళ్ళాలని ఎవరికి తోస్తుంది? అక్కడి పురుగులకు కంగారూల ఎండు పెంటికలే అలవాటు, ఆవుపేడ జోలికి పెద్దగా రాలేదు. పేడ నెలల తరబడి పచ్చికబయళ్ళ మీద అలాగే పడి ఉండేది. తర్వాత తిమోరు దీవి నుంచి తెచ్చిన గేదెలతో పాటు గేదె ఈగ దిగింది. అది గుడ్లు పెట్టేది తాజా పేడలోనే! బదిలీ వచ్చిందంటే సామాను లెక్కపెట్టుకునే మన ఇళ్ళలో ఈ తంటా ఎవరికైనా తెలుసు, జాబితాలో రాయనిదే అక్కడికెళ్ళాక కావలసివస్తుంది. చివరికి 1960ల్లో, హంగరీ నుంచి వలస వెళ్ళిన జార్జ్ బోర్నెమిస్సా అనే శాస్త్రవేత్త చొరవతో బయటి దేశాల పేడపురుగులను తెప్పించి వదిలారు. మనుషుల ముఖాల మీద ముసిరే ఈగలు కొన్నిచోట్ల బాగా తగ్గాయి. గేదె ఈగ మాత్రం ఇంకా ఉంది.

మా చావడిలోనూ అంతే, ఈగలు పూర్తిగా పోలేదు. మూడు వారాలు మేమే గడ్డి ఎండబెట్టాం. గేదె తన్నడం తగ్గింది, పూటకి లీటరు పాలు పెరిగాయి. ఇప్పుడు అక్కడ వానలు, ఎండబెట్టే వీలు లేదు. తాతయ్య తడిగడ్డిని, పేడను గోతిలో వేసి పైన మట్టి కప్పుతున్నారు, లోపల పుట్టే వేడికి పురుగులు చస్తాయి. నాన్నమ్మ పొద్దున్నే కోళ్ళను అటు తోలుతోంది. పక్కింటి చావడి వెనకాల మాత్రం ఇంకా పాత కుప్పే ఉందట. ఈగలకు గోడ అడ్డమా? ఆదివారం తాతయ్యే పార పట్టుకుని అక్కడికి వెళ్తానన్నారు.