చాల్తా మాసీ

ఎడిటర్‌గారు నన్ను కలకత్తా పంపింది మహామర్రి కోసం. హుగ్లీకి ఆవలి ఒడ్డున, శివ్‌పూర్ బొటానికల్ గార్డెన్‌లో చూశాను. 1925లో మూలకాండం తీసేసినా ఊడల మీదే నిలబడి, ఎకరాలకొద్దీ పాకిన చెట్టు. దాని ముందు ఫోటోలు దిగేవాళ్ళకీ, దాని మీద వ్యాసాలు రాసేవాళ్ళకీ కొదవలేదు. నా కాలు నిలిచింది మాత్రం గేటు బయట, కత్తిపీట వేసుక్కూర్చున్న ఒక మాసీ (పిన్ని) దగ్గర.

బుట్టలో పచ్చటి చాల్తాకాయలు. వాగుల వెంట, తడి అడవుల్లో పెరిగే చెట్టు ఇది. మన పుస్తకాల్లో పెద్ద కలింగ. ఇందులో తినేది అసలు కాయని కాదు. తెల్లటి పెద్ద పువ్వు వాడిపోయాక దాని రక్షకపత్రాలు ముడుచుకుని, కండపట్టి, కాయను లోపల దాచేస్తాయి. కూరకైనా పచ్చడికైనా ఆ రేకులే.

మాసీ పీటను పాదంతో అదిమిపట్టి, కాయను రెండు చేతులా కత్తిమీదికి తోసింది. రేకులు విడదీసి, నడిమి జిగురుముద్దను గింజలతో సహా బొటనవేలితో తోడి అవతల పడేసింది. బెండకాయ జిగురుకు పెద్దన్న అది. తర్వాత రాతిబండతో ముక్కకు రెండే దెబ్బలు: నార వదులవ్వాలి, ముక్క చితకకూడదు. పైన ఉప్పు, కారం, బెల్లం, కాస్త ఆవనూనె. నోట్లో పెట్టుకోగానే పళ్ళు జివ్వుమన్నాయి.

"ఇప్పటి పిల్లలు అడగరు దాదా. ఇది కొయ్యడం వాళ్ళమ్మలకే రాదు," అంది చెయ్యి ఆపకుండా. చాల్తా వేసిన పప్పు, బెల్లం వేసిన పులుసు తన చిన్నప్పుడు ఏ ఇంట్లో చూసినా ఉండేవట. పెరళ్ళే పోయాక కాయ ఎక్కణ్ణుంచి వస్తుందని ఆమె గొడవ.

1787లో రాబర్ట్ కిడ్ ఈ తోట వేయించింది ఈస్టిండియా కంపెనీకి లాభం తెచ్చే మొక్కల కోసం. 1793లో పగ్గాలు పట్టిన రాక్స్‌బర్గ్ అంతకుముందు మన సామర్లకోటలో ఉండి, స్థానిక చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వేయించి, తెలుగు పేర్లు రాసిపెట్టుకున్నవాడు. ఆ బొమ్మలు ఇప్పటికీ భద్రం. బండతో ఎంత బలంగా కొట్టాలో బొమ్మలో ఎలా దాస్తారు? మొక్కను దాచిపెట్టి, దాన్ని తినడం తెలిసినవాళ్ళను పేవ్‌మెంట్‌కి వదిలేయడం మనకు బాగా అలవాటైపోయింది. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఉత్తర బెంగాల్ బక్సా అడవుల్లో చాల్తాకాయను మింగి, గింజల్ని దూరాలకు మోసేది ఏనుగు. అది రాకపోయినా చెట్టుకు మరో దారి ఉందని 2013లో అచ్చయిన ఒక పరిశోధన చెప్పింది: నేల రాలిన కాయ మెల్లమెల్లగా మెత్తబడి చిన్న జంతువుల నోటికి అందుతుందట. ఏనుగు పోతే కోతులూ ఎలుకలూ ఉన్నాయి. ఈ మాసీ పోతే ఎవరున్నారు?

కూతురికి నేర్పావా అని అడిగాను. ఆ పిల్ల సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తుందట. "నేర్పితే మాత్రం అమ్మేదెవరికి?" అని నన్నే నిలదీసింది. సరస్వతీ పూజ దాటితే తన బుట్టలో రేగుపళ్ళే. అవి కొయ్యక్కర్లేదు, కొట్టక్కర్లేదు; చాల్తా అడగని పిల్లలే ఎగబడి కొంటారట.