నిప్పు లేకుండా కాగిన నీళ్లు

భద్రాచలం వచ్చిన యాత్రికులు రాములవారి దర్శనం చేసుకుంటారు, గోదావరిలో స్నానం చేస్తారు, వీలుంటే పర్ణశాల కూడా చూసి వెళ్తారు. మా ఇంటికి వచ్చే చుట్టాల పిల్లల్ని మాత్రం నేను ఇంకొక చోటికి కూడా తీసుకుపోతాను. అది భద్రాచలానికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, గోదావరి ఒడ్డునే ఉన్న గుండాల. 2014లో రాష్ట్రం విడిపోయాక భద్రాచలం తెలంగాణలోనూ, గుండాల ఆంధ్రప్రదేశ్‌లోనూ అయినాయి. కాని భూమి లోపలి నీళ్లకు ఆ హద్దు తెలియదు కదా! అక్కడ ఏటి ఒడ్డున ఇసుకలో గుంట తవ్వితే వేడినీళ్లు ఊరుతాయి. చలికాలంలో త్రిమూర్తులు అక్కడికి స్నానానికి వస్తారని పెద్దలు చెబుతారు.

ఆ నీళ్లను తాకి చూసిన పిల్లలందరూ నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "మామయ్యా, దీని కింద అగ్నిపర్వతం ఉందా?"

మంచి ప్రశ్న. కాని అక్కడ అగ్నిపర్వతం లేదు. మన దేశంలో ఇప్పటికీ నిప్పు కక్కే అగ్నిపర్వతం ఒక్కటే. అది అండమాన్ సముద్రంలోని బారెన్ దీవి. మన గోదావరి పక్కన లావా పారిన మాట కూడా నిజమే. రాజమహేంద్రవరం దగ్గర కాతేరులోనూ, అవతలి ఒడ్డున పంగిడి దగ్గరా కనిపించే నల్లరాయి ఒకనాటి లావాయే. కాని అది పారి ఆరున్నర కోట్ల సంవత్సరాలు దాటింది. అది ఎప్పుడో చల్లారి రాయి అయిపోయింది. ఆ వేడి ఇంకా మిగిలి ఉండదు.

"అయితే ఎండకు కాగి ఉంటాయి," అంటాడు ఇంకొకడు. కొత్తగూడెం ఎండలు ఎరిగినవాడికి అలా తోచటం సహజమే. ఎండ తీవ్రతకు అక్షాంశంతో సంబంధం ఉన్నది. భద్రాచలం భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 17 డిగ్రీల 40 నిమిషాల అక్షాంశం మీద ఉంది. అందుచేత ఏటా రెండు సార్లు, మే 10 ప్రాంతంలోనూ, ఆగస్టు 2 ప్రాంతంలోనూ, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు. ఆ సమయానికి నిటారుగా పాతిన కర్రకు నీడ ఉండదు. మబ్బు లేకపోతే మీరే చూడవచ్చు. కాని ఎండ వేడి నేలలో కొద్ది మీటర్ల లోతుకే చేరుతుంది. పైగా గుండాల నీళ్లు చలికాలంలో కూడా వేడిగానే ఉంటాయి. ఐస్‌లాండ్ అనే దేశం ఉత్తర ధ్రువం వైపు, 64 డిగ్రీల అక్షాంశం పైన ఉన్నది. అక్కడ ఎండ ఎంతో పలచన. అయినా అక్కడివాళ్లు భూమిలోంచి వచ్చే వేడినీళ్లతో ఇళ్లు వెచ్చబెట్టుకుంటారు. కనుక ఇది ఆకాశం నుంచి వచ్చిన వేడి కాదు, నేల లోపలి వేడి.

అగ్నిపర్వతం లేకుండా నేలలో వేడి ఎక్కడిది? భూమి లోపలే వేడిగా ఉంటుంది. సాధారణంగా ఒక కిలోమీటరు లోతుకు పోతే 25 నుంచి 30 డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది. వాననీరు రాతి పగుళ్లలోంచి అంత లోతుకు ఇంకి, కాగులో నీళ్లలాగా కాగి, మరొక పగులు దొరికితే పైకి తన్నుకు వస్తుంది. దారిలో చల్లారేలోపల ఒడ్డు చేరితే, అదే వేడినీటి ఊట. మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు వెతకటానికి వేసిన బోరులోంచి కూడా ఇలాగే వేడినీళ్లు పొంగాయి. ఆ వేడితో కరెంటు తీయటానికి సింగరేణి వారు అక్కడ 20 కిలోవాట్ల చిన్న ప్రయోగం చేశారు.

మరి అంత లోతు పగులు ఇక్కడే ఎందుకున్నది? మూడు పుస్తకాలను నిలువుగా పక్కపక్కన పెట్టి, రెండు అరచేతుల మధ్య గట్టిగా పట్టుకోండి. ఇప్పుడు చేతులు కొంచెం ఎడంగా జరపండి. నడిమి పుస్తకం కిందికి జారిపోతుంది. కోట్ల సంవత్సరాల కిందట ఈ నేల కూడా అలాగే సాగి, రెండు పొడుగాటి పగుళ్ల మధ్య భాగం కుంగిపోయింది. ఆ పల్లంలో ఇసుకా, మట్టీ, చెట్లూ పొరలు పొరలుగా చేరాయి. ఆ చెట్లే నేటి బొగ్గు. 1871లో ఇల్లెందు దగ్గర డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ బొగ్గును కనుగొన్నాడు; 1889లో తవ్వకం మొదలయింది. అప్పటి చెట్ల ఆకుల ముద్రలు అంటార్కిటికా రాళ్లలో కూడా దొరికాయి. అంటే ఆ కాలంలో మన నేలా, ఆ మంచు ఖండమూ ఒకటిగా కలిసి ఉండేవన్నమాట. ఆ మహాఖండానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గోండ్వానా. అది గోండుల నేల పేరు. మన అడవుల్లోని కోయవారు మాట్లాడే భాష ఆ గోండుల భాషకు దగ్గర చుట్టమే.

బొగ్గూ, వేడినీళ్లూ ఆ పాత పగుళ్ల చలవే. కాని అవి మంచి మాత్రమే చేస్తాయనుకోకండి. 1969 ఏప్రిల్ 13 రాత్రి భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. అది హైదరాబాదు దాకా తెలిసింది. మా అమ్మ అప్పటికి పన్నెండేళ్ల పిల్ల. నేల కింద బండి పోతున్నట్లు చప్పుడయిందట. అటక మీది ఇత్తడి బిందె దొర్లి, నిద్రపోతున్న మా చిన్న మామయ్య తలకు జానెడు దూరంలో పడిందట. "జానెడే!" అని అమ్మ ఇప్పటికీ వేళ్లు చాచి చూపిస్తుంది. ఆ తరువాత మా అమ్మమ్మ ఏనాడూ అటక మీద బరువు పెట్టలేదు. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో నేల కదిలినప్పుడు, మా ఇంట్లో గిన్నెలు గలగలలాడాయి గాని ఒక్కటీ కింద పడలేదు.

భూకంపం ఏ రోజు వస్తుందో ముందుగా చెప్పగలవారు ప్రపంచంలో ఎవరూ లేరు. వచ్చినప్పుడు ఏం చేయాలో మాత్రం మనకు తెలుసు. ఇంట్లో ఉంటే గట్టి బల్ల కిందికి దూరి తల కాపాడుకోవాలి. బయట ఉంటే గోడలకూ, కరెంటు స్తంభాలకూ ఎడంగా నిలబడాలి. అన్నిటికన్నా ముందు చేయదగ్గ పని ఒకటున్నది. ఈ పత్రిక కింద పెట్టి, మీ అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని, మీరు పడుకునే చోటికి పోయి తల ఎత్తి చూడండి. పైన బరువైన వస్తువేదైనా ఉంటే, ఈ సాయంత్రమే దాన్ని కిందికి దింపించండి.