ఎండల్లో కడప పెళ్ళికి

మే నెలలో కర్నూలు నుంచి కడపకు ప్రయాణమంటే ఎవరైనా "మీకేమైనా పిచ్చా?" అంటారు. నన్నూ అన్నారు. ఏం చేయమంటారు చెప్పండి, పెళ్ళిళ్ళన్నీ ఎండల్లోనే కదా వచ్చేది! పైగా నా వెంట మా చెల్లెలు. దానికి మల్టిపుల్ స్క్లెరోసిస్, పొట్టిగా ఎం.ఎస్.

ఈ పేరు మీలో కొందరికి కొత్త కావచ్చు. కరెంటు తీగ మీద తొడుగు ఉంటుంది చూడండి, అలాగే మెదడులో, వెన్నుపాములో నరాల మీద మైలిన్ అనే పొర ఉంటుంది. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరబాటున ఆ పొరను దెబ్బతీయడం ఈ జబ్బు. పొర పోయిన నరం వేడి తగిలితే మరీ మందగిస్తుంది. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా చాలు, కొందరికి చూపు మసకబారుతుంది, కాలు ఈడుస్తుంది. 1890లోనే ఊట్‌హాఫ్ అనే జర్మనీ కంటి డాక్టరు, శ్రమపడ్డాక రోగులకు చూపు తగ్గడం గమనించి రాశాడు.

కడపలో మా పెద్దమ్మ ఫోనులో ఏమందో తెలుసా? "ఎండ అందరికీ ఒకటే కదమ్మీ, దానికేమన్నా వేరేగా కాస్తాందా?" 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఈ జబ్బు పేరుంది కానీ చుట్టాలకు ఇంకా తెలియలేదు!

తెల్లవారుజామున నాలుగున్నరకే కారెక్కాం. కొండారెడ్డి బురుజు ఇంకా చీకట్లోనే ఉంది. నంద్యాల మీదుగా మహానంది చేరాం. నల్లమల కొండల అంచున, మండువేసవిలోనూ ఊట ఆగని కోనేరు అది. నీళ్ళెంత తేటగా ఉంటాయంటే అడుగున రూపాయి బిళ్ళ కూడా కనిపిస్తుంది. చెల్లెలు మెట్టు మీద కూర్చుని మోకాళ్ళదాకా కాళ్ళు నీళ్ళలో పెట్టుకుంది. అరగంట తర్వాత లేచి నాకన్నా చురుగ్గా నడిచింది. ఎండలోకి వెళ్ళే ముందే ఒళ్ళు చల్లబరుచుకుంటే కాసేపు కాపాడుతుందని డాక్టరు చెప్పింది నిజమేనన్నమాట.

అక్కడే నాకు ధీమా పెరిగింది. దారిలోనే కదా అని బెలుం గుహల దగ్గర ఆగాం. గుహ కదా, చల్లగా ఉంటుందనుకున్నాను. చూశారా నా తెలివి! 3,229 మీటర్ల పొడవైన గుహ. అందులో సుమారు కిలోమీటరున్నర చూడనిస్తారు. లోపల ఒకటే ఉక్క. చెమట కారుతుందే కానీ ఆరదు. చెమట ఆరితేనే కదండీ ఒళ్ళు చల్లబడేది? సగం దూరం వెళ్ళామో లేదో, "అక్కా, నీ ముఖం మసకగా ఉంది" అంటూ గోడ పట్టుకుంది. కుడికాలు కదలడం లేదు. ఇద్దరు కుర్రాళ్ళు చెరో రెక్కా పట్టుకుని మెట్లెక్కించారు. జబ్బు మళ్ళీ తిరగబెట్టిందేమోనని నా గుండె జారిపోయింది.

కారులో మెడ చుట్టూ తడి తువ్వాలు చుట్టాను. మణికట్ల మీద ఫ్లాస్కులోని ఐసు ముక్కలు గుడ్డలో కట్టి పెట్టాను. చల్లటి మజ్జిగ కొంచెం కొంచెంగా తాగించాను. ముక్కాలు గంటకు చూపు సర్దుకుంది, కాలూ కదిలింది. ఇలా వేడికి వచ్చినవి చల్లబడగానే పోతాయి. నరాలకు కొత్తగా దెబ్బేమీ తగిలినట్టు కాదు. కానీ చల్లబరిచినా తగ్గకపోయినా, కొత్త లక్షణం ఒక రోజు దాటి ఉన్నా, జ్వరం గానీ మూత్రంలో మంట గానీ ఉన్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. ప్రయాణంలో బాత్రూము ఉండదని మనం నీళ్ళు తాగడం మానేస్తామే, ఆ పని మాత్రం వద్దు.

కడప ఎండ ఎంత మండినా పొడి ఎండ. అదొక్కటే మనకు కలిసొచ్చేది. తడిబట్ట ఇట్టే ఆరుతుంది, ఆరుతూ వేడిని లాక్కుపోతుంది. కుండలో నీళ్ళు చల్లబడేదీ అలాగే. అందుకే ఇక్కడ కూలరు బాగా పనిచేస్తుంది. అయితే పెద్దమ్మ ఇంట్లో కూలరు పెట్టి కిటికీలన్నీ మూసేశారు! తేమ బయటికి పోక ఆ గది మరో బెలుం గుహ అయి కూర్చుంది. ఎదురు కిటికీ తెరిచాక గానీ ప్రాణం కుదుటపడలేదు. వడగాలి వేళ ఒట్టి ఫ్యాను వేడిగాలే కొడుతుంది కాబట్టి భుజాల మీద తడి తువ్వాలు తీయనివ్వలేదు. నాపరాతి బండల నేల కాళ్ళకు హాయిగానే ఉంది. అవే బండలు పరిచిన మిద్దె మాత్రం పగలంతా కాగి రాత్రి సెగలు కక్కుతుంది. పొద్దుగూకాక రెండు బిందెల నీళ్ళు చల్లితే తప్ప కింద పడుకోలేం.

ముహూర్తం తెల్లవారుజామున కావడం మా అదృష్టం. చెల్లెలు తలంబ్రాలు చూసింది, అక్షింతలు వేసింది, ఫోటో దిగింది. షామియానా కింద మధ్యాహ్నం పంక్తి భోజనానికి మాత్రం రాలేదు. వెనక గదిలో పడుకుంది. బంధువులు ఎవరో "ఏదీ, కనపడదే?" అంటే నేను నోరు తెరిచేలోపే పెద్దమ్మ అందుకుంది, "దానికి ఎండ పడదులేమ్మా" అని. తర్వాత తనే విస్తరి, ఒక గ్లాసు నన్నారి షర్బత్ పట్టుకుని లోపలికి వెళ్ళింది. భుజాన ఒక తువ్వాలు, బాగా తడిపి పిండినది.