మారనిది నెంబరొక్కటే

ఇల్లు మారితే చిరునామా మారుతుంది. ఊరు మారితే పాలవాడూ, పేపరువాడూ మారతారు. చరవాణి సంస్థను మారిస్తే మాత్రం తెర మూలన ఉండే పేరు తప్ప మరేదీ మారదు. (చరవాణి అనాలా, జంగమవాణి అనాలా అన్న పాత వాదులాటలోకి ఇప్పుడు దిగను. మా అమ్మ 'సెల్లు' అంటుంది. అందరికీ అర్థమవుతుంది.)

ఈ సౌకర్యం మొదటినుంచీ ఉన్నది కాదు. మన దేశంలో తొలి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న కలకత్తా, ఢిల్లీల మధ్య నడిచింది. ఆ తరువాత పదిహేనేళ్లపాటు సంస్థను విడిచిపోదలచినవాడు నెంబరునూ అక్కడే విడిచిపోవలసి వచ్చేది. దుకాణదారులు బోర్డులు తిరగరాయించుకునేవారు. మనబోటివాళ్లం "నా నెంబరు మారినది, గమనించగలరు" అని తెలిసినవాళ్లందరికీ సందేశాలు పంపేవాళ్లం. ఆ సందేశం అందనివారు చప్పుడు చేయకుండా మన జీవితాల్లోంచి జారిపోయేవారు. నెంబరును వెంటబెట్టుకుని వెళ్లే వీలు 2010 నవంబరులో హర్యానాలో మొదలై, 2011 జనవరి 20 నుంచి దేశమంతటికీ వచ్చింది.

హైదరాబాదులో మా వీధిలో రెండేళ్లుగా సిగ్నలు అంతంతమాత్రం. మాట్లాడాలంటే మేడెక్కాలి. ఫిర్యాదు చేసినప్పుడల్లా "మీ సమస్య పరిష్కరించబడినది" అని సందేశం వచ్చేది. దాన్ని అందుకోవడానికీ మేడెక్కవలసిందే. చివరికి 1900కి 'పోర్ట్' అన్న మాటా, నా పదంకెల నెంబరూ పంపాను. ఎనిమిది అక్షరాల సంకేతం తిరిగి వచ్చింది. అది నాలుగు రోజులే చెల్లుతుంది. అది వచ్చిన గంటలోనే మొదలైంది మర్యాద! రెండేళ్లలో ఒక్కసారి కూడా పలకరించని సంస్థ ఒక్కరోజులో మూడుసార్లు ఫోను చేసి, "ఎందుకు వెళ్లిపోతున్నారు సార్" అని అడిగింది. అత్తవారింటికి వెళ్లే ఆడపిల్లను కూడా అంత ఆర్తితో ఆపరేమో. మూడో రోజు రాత్రి పాత సిమ్ము మూగబోయింది, కొత్తది పలికింది.

నా పని ఇంత సులువుగా తేలడంతో, తెనాలి దగ్గర మా ఊళ్లో అమ్మ వాడుతున్న ఫోను కూడా మార్పిద్దామని బయలుదేరాను. రాష్ట్రం 2014లో రెండయినా టెలికాం లైసెన్సుల లెక్కలో రెండూ ఒకే సర్కిల్ కనుక అక్కడా మూడు పనిదినాల వ్యవహారమే. కాని చిక్కు వేరే ఉంది. ఆ నెంబరు నాన్న పేరు మీద ఉంది. నాన్న పోయి మూడేళ్లయింది.

ముందు పేరు మార్పించాలి, అది పూర్తయితే గాని పోర్టు చేయడం కుదరదన్నారు. మరణ ధ్రువపత్రం, అమ్మ ఆధారు, వారసుల అంగీకారం కావాలన్నారు. దుకాణంలో కుర్రవాడు జాలిపడి, "కొత్త నెంబరు తీసేసుకోండి సార్, పది నిమిషాల పని" అన్నాడు. అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అయితే వాడకం ఆగిన నెంబరును రద్దు చేశాక, కనీసం తొంభై రోజులు ఆగి మరొకరికి ఇవ్వవచ్చు. 2023లో ఈ సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అంటే కొన్నాళ్లకు నాన్న నెంబరుకు ఫోను చేస్తే ఎవరో ముక్కూమొహం తెలియనివారు "హలో" అంటారన్నమాట.

అమ్మకు చెబితే ఒక్కటే మాట అంది: "కంపెనీ ఏదయితే ఏంట్రా, ఆ నెంబరుకి చేసేవాళ్లు ఇంకా ఉన్నారుగా."

ఉన్నారు. కౌలు రైతు చేస్తాడు. ఎరువుల కొట్టాయన చేస్తాడు. నాన్నతో కలిసి ఉద్యోగం చేసిన ఒకాయన, నాన్న పోయిన ఏడాదికి భిలాయి నుంచి చేశారు. ఆయనకు సంగతి తెలియదు. అమ్మే చెప్పింది. అంతకుముందు ఎన్నడూ మాట్లాడుకోని ఆ ఇద్దరూ అరగంటసేపు నాన్న గురించి చెప్పుకున్నారట. ఇప్పటికీ ప్రతి సంక్రాంతికీ ఆయన అదే నెంబరుకు చేసి అమ్మను పలకరిస్తారు. ఆ నెంబరు ఇంకెవరికో వెళ్లి ఉంటే, ఆయనకు "రాంగ్ నెంబరండీ" అన్న జవాబు దక్కేది.

నెంబరు ఎవరిదన్న ప్రశ్నకు అక్కడే సమాధానం దొరికిందనిపించింది. అది సంస్థది కాదు, పూర్తిగా మనదీ కాదు. దాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లది.

రెండుసార్లు ఊరికి తిరిగి, కాగితాలన్నీ పెట్టి, ముందు పేరూ తరువాత సంస్థా మార్పించాను. ఇప్పుడు అమ్మకు వంటింట్లో కూడా సిగ్నలు వస్తోంది. తను ఫోను చేసినప్పుడు నా తెర మీద ఇప్పటికీ 'నాన్న' అనే పడుతుంది. దాన్ని మార్చే ఉద్దేశం నాకు లేదు.

మీ ఇళ్లలోనూ ఇటువంటి నెంబరు ఒకటి ఉండే ఉంటుంది. వీలు చూసుకుని అది ఎవరి పేరు మీద ఉందో ఒకసారి కనుక్కోండి. పెద్దవాళ్లు ఉండగానే అయితే ఇదంతా ఒక సంతకంతో, ఒక వేలిముద్రతో తేలిపోయే పని.